మార్చి చివర్లో డెత్ వ్యాలీ: పెద్దవాళ్లతో, పిల్లాడితో ఏ ట్రైల్స్ నడవొచ్చు?

మీ ప్రశ్న ఇదీ: మార్చి ఆఖరి వారంలో లాస్ వేగాస్ నుంచి కారులో కాలిఫోర్నియాలోని ఎడారి పార్కు డెత్ వ్యాలీకి వెళ్తున్నారు. చేతిలో రెండు రోజులున్నాయి. మీరిద్దరూ, తొమ్మిదేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పెద్దవాళ్లిద్దరికీ అరవై దాటాయి, రోజూ పొద్దున నడిచే అలవాటుంది, నాన్నగారికి బీపీ. ఏ ట్రైల్స్ మీద నడవొచ్చు, ఎంతవరకు వెళ్లొచ్చు అని అడిగారు. "రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, మార్చిలో ఎడారి మనల్నేం చేస్తుంది" అని నాన్నగారు అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. తప్పకుండా వెళ్లండి, మార్చి చివర మంచి కాలమే. అందరూ కలిసి నడవడానికి: తెల్లవారగానే మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బలు, సాయంత్రం బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం, మొజాయిక్ క్యాన్యన్‌లో (రాతి గోడల మధ్య సన్నటి లోయ) మొదటి అర మైలు, పాత వెలిగారం కార్ఖానా హార్మొనీ బొరాక్స్ వర్క్స్. మీరూ బాబూ మాత్రమే: గోల్డెన్ క్యాన్యన్ నుంచి రెడ్ కెథీడ్రల్ అనే ఎర్రటి రాతి గోడల దాకా, రానూపోనూ 3 మైళ్లు. రెండు రోజులకి ఇంతకు మించి పెట్టుకోకండి. కాస్త పెద్ద నడకలన్నీ పొద్దున పదిన్నర లోపు ముగించండి.

ఇక నాన్నగారి మాట. మిగతా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆయన అన్నదాంట్లో సగం నిజం. పార్కు విజిటర్ సెంటర్ ఉన్న ఫర్నెస్ క్రీక్‌లో మార్చి నెల సగటు పగటి గరిష్ఠం 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, నెలాఖరుకి 30 దాటడం మామూలే. గుంటూరు మనిషికి అదొక ఎండే కాదు. అంకె చూసి భయపడాల్సిన పని లేదు.

తేడా గాలిలో ఉంది. మన కోస్తాలో నాలుగడుగులు వేస్తే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. ఒంట్లోంచి నీరు పోతోందని ఆ తడి చొక్కానే చెబుతుంది. డెత్ వ్యాలీలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున రెండు అంగుళాలు. గాలి అంత పొడిగా ఉండేసరికి చెమట బయటికి రాగానే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు, ఒంటికి హాయిగా ఉంటుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. గంటన్నర నడిచాక నుదురు తడుముకుంటే చేతికి ఉప్పు తగులుతుంది. అప్పటికే తల బరువెక్కి ఉంటుంది.

రెండో తేడా నీడ. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో బయటికి వెళ్లినా దారిలో వేపచెట్టు ఉంటుంది, ఎవరింటి అరుగో ఉంటుంది, వేసవిలో చలివేంద్రం ఉంటుంది. పన్నెండు దాటాక పొలంలో ఎవరూ ఉండరు. మన ఎండ అనుభవమంటే చాలావరకు ఎండను తప్పించుకోవడంలో అనుభవం. ఇసుక దిబ్బల మధ్య మైలు దూరం వెళ్లాక తప్పించుకోవడానికి చోటు ఉండదు, వెనక్కి నడవాల్సిందే. ఈ లోయలో తరతరాలుగా ఉంటున్న టింబిషా షోషోనీ జనం కూడా వేసవి వచ్చేసరికి పక్కనున్న కొండల మీదికి వెళ్లిపోయేవాళ్లు. ఎండ బాగా తెలిసినవాళ్లు చేసే పని అదే. నాన్నగారితో ఈ మాట చెప్పి చూడండి, వాదన కన్నా బాగా పనిచేస్తుంది.

అందుకే నేను ఎవరికి ట్రైల్ చెప్పాలన్నా మైళ్లు ఆఖర్న చూస్తాను. ఏ గంటకి మొదలుపెడతారు, ఎన్ని నీళ్లు మోస్తారు, తిరుగు దారి ఎక్కుడా దిగుడా అన్నవి ముందు చూస్తాను. చలికాలంలో మనవాళ్లను తీసుకుని ఇటు వెళ్తుండటం నాకు అలవాటు. మూడు మైళ్ల ట్రైల్ పొద్దున ఏడింటికి ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికి ఇంకోలా ఉంటుంది.

నీళ్లు. పార్కువాళ్లు చెప్పే లెక్క మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. నడిచేవాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి. కారులో ఐదుగురికీ కలిపి ఐదారు గ్యాలన్లు పెట్టుకోండి, ట్రైల్ మీదికి బాబు కాక మీరు నలుగురూ తలా రెండు లీటర్లు తీసుకెళ్లాలి. ఉన్న నీళ్లలో సగం అయిపోగానే, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగాలి. చూడాలనుకున్న చోటు ఇంకో రెండొందల అడుగుల్లో ఉన్నా సరే.

నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే వాంతి వచ్చినట్టుంటుంది, నీరసం తగ్గదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు పెట్టుకోండి. అమ్మగారు పులిహోర కలుపుతానంటే వద్దనకండి. నిమ్మకాయ పులిహోర, వేయించిన పల్లీలు, ఐస్ పెట్టెలో మజ్జిగ సీసాలు పక్కాగా పనికొచ్చే తిండి. చాక్లెట్ బార్లు ఎండకి కరిగిపోతాయి, పైగా వాటిలో ఉప్పు ఉండదు.

అమ్మగారి గురించి ఒక మాట. మన ఆడవాళ్లు చాలామంది ప్రయాణంలో బాత్రూమ్ దొరకదేమోనన్న టెన్షన్‌తో నీళ్లు తాగడం మానేస్తారు. పైకి చెప్పరు. నాతో వచ్చిన ఒక పెద్దావిడ వేగాస్‌లో బయల్దేరినప్పటి నుంచి రెండు గుక్కలు కూడా తాగలేదని జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూ పాయింట్ దగ్గర తల తిరిగి కూర్చున్నాక తెలిసింది. కారులో ఏసీ వేసి, తడి తువ్వాలు మెడకి చుట్టి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తే గంటలో తేరుకున్నారు. ఆ తర్వాత నుంచి నేను బయల్దేరే ముందే టాయిలెట్లు ఎక్కడెక్కడున్నాయో చెబుతున్నాను: ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్, జబ్రిస్కీ పాయింట్, గోల్డెన్ క్యాన్యన్ మొదలు, బ్యాడ్‌వాటర్, ఇసుక దిబ్బల పార్కింగ్. ఈ వరస మీ అమ్మగారికి ముందే చెప్పండి.

నాన్నగారి బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర ఉందేమో చూడండి, చాలామందికి ఉంటుంది. అది వేసుకునేవాళ్ల ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. మందు మీ అంతట మీరు ఆపకండి, బయల్దేరే ముందు డాక్టర్‌ని ఒక్కసారి అడగండి. షుగర్ కూడా ఉంటే ఇసుకలో చెప్పుల్లేకుండా నడవనివ్వకండి.

ఇప్పుడు ఒక్కో ట్రైల్ గురించి.

మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బలు. పార్కులోనే ఉన్న స్టోవ్‌పైప్ వెల్స్ అనే చిన్న మజిలీ దగ్గర, రోడ్డు పక్కనే. ఇక్కడ గుర్తుపెట్టిన దారి ఉండదు, ఎటు కావాలంటే అటు నడవొచ్చు. అన్నిటికన్నా ఎత్తైన దిబ్బ సుమారు వంద అడుగులు, అక్కడికి వెళ్లి రావడానికి రెండు మైళ్లు. వినడానికి రెండు మైళ్లే కానీ ఇసుకలో ప్రతి అడుగూ కిందికి జారుతుంది, శ్రమ రెట్టింపు. పెద్దవాళ్లకి మొదటి రెండు మూడు దిబ్బలు చాలు. మార్చి చివర సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో, ఆ సమయానికి అక్కడ ఉండండి. చలిగా ఉంటుంది, అమ్మానాన్నలకి స్వెటర్లు మర్చిపోకండి. అక్కడ తిరిగిన బల్లుల, ఎలుకల, పురుగుల అడుగులు ఇసుక మీద చెరగకుండా కనిపిస్తాయి. బాబుకి ఏది ఎటు వెళ్లిందో వెతికే పని అప్పగించండి, ఫోన్ అడగడు. బయల్దేరేటప్పుడు వెనక్కి తిరిగి, కారు పెట్టిన చోటికి నేరుగా వెనక ఏ కొండ ఉందో గుర్తు పెట్టుకోండి. దిబ్బల మధ్య పల్లంలోకి దిగితే పార్కింగ్ కనిపించదు.

వేసవిలో ఇదే చోటు వేరే సంగతి. 2024 జులైలో బెల్జియం నుంచి వచ్చిన ఒక పర్యాటకుడి చెప్పులు ఈ దిబ్బల్లో పోతే, ఆ వేడి ఇసుక మీద కొద్దిసేపు నడిచినందుకే పాదాలు తీవ్రంగా కాలిపోయాయి. హెలికాప్టర్ కూడా అక్కడ దిగలేకపోయింది, ఎందుకంటే గాలి మరీ వేడెక్కితే పలచబడి రెక్కలకి కావలసిన ఊతం దొరకదు. 1972 జులైలో ఫర్నెస్ క్రీక్ దగ్గర నేల ఉపరితలం మీద 93.9 డిగ్రీల సెల్సియస్ నమోదైంది.

గోల్డెన్ క్యాన్యన్, రెడ్ కెథీడ్రల్. రెండు రోజుల్లో ఒక్కటే నడవగలనంటే నేను ఇదే నడుస్తాను. దారి పొడవునా పసుపు, బంగారు, గోధుమ రంగు గోడలు. లక్షల ఏళ్ల కిందటి సరస్సుల అడుగున పేరుకున్న బురద ఇలా గట్టిపడి, వంగి, పైకి లేచింది. మొదట్లో అక్కడక్కడా విరిగిన తారు ముక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు లోపలి దాకా కారు రోడ్డు ఉండేది, 1976 వానలకి కొట్టుకుపోయింది, మళ్లీ వేయలేదు. నీళ్లు ఎప్పుడూ ఉండని ఈ వాగులో నీళ్లు వస్తే ఏమవుతుందో ఆ తారు ముక్కలు చూస్తే అర్థమవుతుంది. వెళ్లేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. అలసిపోయాక దారి తేలికవడం ఈ ట్రైల్‌లో పెద్ద సుగుణం. చివరి కొద్దిదూరం ఎర్రగోడల కిందికి చేరడానికి రాళ్ల మధ్య వంగి, పాకి ఎక్కాలి. బాబుకి అదే ఇష్టమవుతుంది, అమ్మగారిని మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి. పెద్దవాళ్లు మొదటి అర మైలు నడిచి, గోడల నీడ ఉన్న చోట కూర్చుంటే ట్రైల్ అందమంతా చూసినట్టే. ఏడున్నరకి మొదలుపెడితే పదింటికి తాపీగా కిందికి వచ్చేస్తారు.

ఇదే క్యాన్యన్‌కి పైనుంచి, జబ్రిస్కీ పాయింట్ నుంచి కూడా దారి ఉంది. పైనుంచి దిగడంతో మొదలయ్యే చుట్టు ట్రైల్స్ విషయంలో జాగ్రత్త. జబ్రిస్కీ నుంచి బ్యాడ్‌ల్యాండ్స్ లూప్ 2.7 మైళ్లే. దిగేటప్పుడు చాలా సుఖంగా ఉంటుంది కాబట్టి మనిషి కావలసినదానికన్నా ముందుకు వెళ్తాడు. ఎక్కాల్సిన భాగమంతా ఆఖర్న, నీళ్లు తగ్గాక, ఎండ నెత్తి మీదికి వచ్చాక ఎదురవుతుంది. నేను చూసిన ఇబ్బందుల్లో చాలావరకు ఇలాంటి దారుల్లోనే. మీ దగ్గర బండి నడిపేవాళ్లు ఇద్దరుంటే ఒక మంచి మార్గం ఉంది. మీలో ఒకరు, బాబు జబ్రిస్కీ దగ్గర దిగి సుమారు మూడు మైళ్లు కిందికి నడుచుకుంటూ గోల్డెన్ క్యాన్యన్ దగ్గర తేలండి. రెండోవాళ్లు అమ్మానాన్నలకి జబ్రిస్కీ చూపించి కారు కిందికి తెస్తారు. అప్పుడు ఎక్కే పని పెద్దగా ఉండదు. దారిలో చీలికలు చాలా ఉన్నాయి, కాబట్టి ట్రైల్ మ్యాప్ ముందే ఫోన్‌లో దింపుకుని పెట్టుకోండి. పక్క వాలుల మీద అడ్డదారులు కనిపిస్తాయి, అవి ఎక్కకండి. ఆ మట్టి పైకి గట్టిగా కనిపించినా కాలి కింద పొడై జారుతుంది.

బ్యాడ్‌వాటర్. సముద్ర మట్టానికి 282 అడుగుల కింద, ఉత్తర అమెరికాలో అతి పల్లపు చోటు. పార్కింగ్ పక్కన కొండ మీద "సముద్ర మట్టం" అన్న బోర్డు ఎక్కడో పైన కనిపిస్తుంది, నాన్నగారికి చూపించండి. చాలామంది మొదట్లో తెల్లగా తొక్కి నలిగిన ఉప్పు చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఇంకో అర మైలు, ముప్పావు మైలు లోపలికి నడిస్తే పైకి లేచిన ఉప్పు అంచులతో పలకలు పలకలుగా విడిపోయిన నేల మొదలవుతుంది. దారంతా చదును, పెద్దవాళ్లకి ఏ కష్టమూ లేదు. అయితే నీడ అన్నది లేదు, తెల్లటి ఉప్పు మీద పడి ఎండ కింద నుంచి కూడా కొడుతుంది. సాయంత్రం ఐదున్నరకి వెళ్లండి. పశ్చిమాన పానమింట్ కొండల వెనక్కి పొద్దు దిగాక కూడా చాలాసేపు వెలుగు ఉంటుంది. ఆ కొండల్లో టెలిస్కోప్ పీక్ 11,049 అడుగులు, మార్చిలో దాని మీద మంచు ఉంటుంది. కాళ్ల కింద ఉప్పు, ఎదురుగా మంచు, రెండూ ఒకే చూపులో కనిపించే చోటు ఇంకెక్కడా నేను చూడలేదు. చెక్క దారి పక్కనున్న చిన్న మడుగులో ఆ ఉప్పునీళ్లలోనే బతికే చిన్న నత్తలున్నాయి, అందుకే చెక్కలు దిగి మడుగు దగ్గరికి వెళ్లకూడదు.

మొజాయిక్ క్యాన్యన్. స్టోవ్‌పైప్ వెల్స్ నుంచి రెండు మైళ్లకు పైగా మట్టి రోడ్డు, మామూలు కారు నెమ్మదిగా వెళ్తుంది. పూర్తి ట్రైల్ రానూపోనూ 4 మైళ్లు. అసలు అందం మొదటి అర మైలులోనే ఉంది. వరద నీరు నున్నగా అరగదీసిన పాలరాతి గోడలు అక్కడ దగ్గరికి వచ్చేస్తాయి. కొన్నిచోట్ల చేతులు పట్టుకుని ఎక్కించాలి, రాయి బాగా నునుపు, అరిగిన అడుగుల స్పోర్ట్స్ షూ జారుతుంది. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు చూడమని బాబుకి చెప్పండి. రోజులు వెచ్చబడే కాలం కాబట్టి పాములు బయటికి వస్తుంటాయి.

హార్మొనీ బొరాక్స్ వర్క్స్ అర మైలు కూడా లేని చదును దారి. 1880ల్లో ఇక్కడ వెలిగారం తయారుచేసి, కంచరగాడిదల బళ్ల మీద 165 మైళ్ల దూరంలోని మొహావీ రైలు స్టేషన్‌కి తోలేవాళ్లు. బండి చక్రాలు ఇప్పటికీ ఉన్నాయి, నాన్నగారికి నచ్చుతాయి. భోజనం తర్వాత కాళ్లు చాపుకోవడానికి సరిపోతుంది.

మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఏం చేయాలి? కారులో తిరగండి. డాంటేస్ వ్యూ అనే వ్యూ పాయింట్ 5,475 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి అడుగులు ఎక్కేకొద్దీ మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గుతుంది కాబట్టి కింద ఎండ మండుతున్నప్పుడు పైన చల్లగాలి. పొద్దున మీరు నడిచిన లోయంతా అక్కడి నుంచి కనిపిస్తుంది. రంగురంగుల కొండల మధ్య సాగే ఆర్టిస్ట్స్ డ్రైవ్ రోడ్డు కూడా ఈ వేళకి పెట్టుకోండి.

వాతావరణం గురించి రెండు మాటలు. వసంతంలో గాలి దుమారాలు ఎక్కువ, ఇసుక లేస్తే దిబ్బల ప్రోగ్రామ్ వదిలేయండి. కొండల మీద వాన సూచన ఉన్న రోజు ఏ క్యాన్యన్‌లోకీ వెళ్లకండి, మీ నెత్తి మీద ఆకాశం నీలంగా ఉన్నా సరే. ఈ నేల నీటిని పీల్చుకోదు, ఎక్కడో పడిన వాన సందు వెంట గోడలా వస్తుంది. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను ఏడాది వానంతా ఒక్కరోజులో కురిపించి రోడ్లు తెంచేసింది, పార్కు దాదాపు రెండు నెలలు మూసేశారు. బయల్దేరే ముందు రోజు పార్కు వెబ్‌సైట్‌లో ఏ రోడ్లు తెరిచి ఉన్నాయో చూసుకోండి.

ఫోన్ సిగ్నల్ పార్కులో చాలాచోట్ల ఉండదు. జీపీఎస్ చూపించే దగ్గరదారి నమ్మి మట్టిరోడ్లలోకి వెళ్లి ఇరుక్కున్నవాళ్లున్నారు, మొజాయిక్ దారి తప్ప ఎక్కడా తారు రోడ్డు వదలకండి. దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊరు పరంప్, ఫర్నెస్ క్రీక్ నుంచి గంట పైనే. అక్కడే పెట్రోలు నింపుకోండి, లోపల దొరుకుతుంది కానీ ధర ఎక్కువ. రోజూ ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో బయట ఉన్న ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్లండి.

నడుస్తుంటే ఎవరికైనా తలనొప్పి, వికారం, తల తిరగడం, కారణం లేకుండా విసుగు కనిపిస్తే ఆ రోజు నడక అక్కడితో ఆపాలి. మనవాళ్లు "ఏం లేదు, పదండి" అంటారు. ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. నీడకి తెచ్చి, బట్టలు తడిపి, విసరండి. పొడిగాలిలో తడిబట్ట చాలా త్వరగా చల్లబరుస్తుంది. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోస్తూనే సాయం కోసం కదలాలి. సిగ్నల్ ఉంటే 911, లేకపోతే ఎదురు వచ్చే బండిని ఆపి ఫర్నెస్ క్రీక్‌కో స్టోవ్‌పైప్ వెల్స్‌కో కబురు పంపాలి.

రాత్రి లోపలే ఉండేట్టయితే ఈ వరస పెట్టుకోండి. మొదటి రోజు వేగాస్‌లో ఐదింటికి బయల్దేరి ఏడున్నరకల్లా గోల్డెన్ క్యాన్యన్, మధ్యాహ్నం హార్మొనీ, డాంటేస్ వ్యూ, సాయంత్రం బ్యాడ్‌వాటర్. రెండో రోజు తెల్లవారుజామున దిబ్బలు, టిఫిన్ చేసి తొమ్మిదికి మొజాయిక్, పదకొండుకి తిరుగు ప్రయాణం. గదులు పరంప్‌లో తీసుకుంటే సూర్యోదయానికి దిబ్బలు చేరడం కష్టం, అప్పుడు రెండో రోజు కూడా ఫర్నెస్ క్రీక్ వైపే ఉండి జబ్రిస్కీలో సూర్యోదయం చూడండి.

ఒకవేళ సెలవులు కుదరక ప్రయాణం మే నెలకి జరిగితే ఈ జాబితా పనికిరాదు. మేలో సగటు గరిష్ఠం 38 డిగ్రీలు దాటుతుంది. లోయలో నడకలన్నీ మానేసి డాంటేస్ వ్యూ, వైల్డ్‌రోజ్ బొగ్గు బట్టీల వైపు ఎత్తు ప్రాంతాలకి మాత్రమే వెళ్లండి. అది కూడా కుదరకపోతే నవంబర్‌కి వాయిదా వేసుకోండి, అమ్మానాన్నల వీసా గడువు చూసుకుని.